"బూర్జువా అంటే మనమేనా అమ్మా?" 13 ఏళ్ళ పిల్లకి ఏం చెప్పాలి, ఏం చదివించాలి?

గోదారిగట్టు
మా నాన్నగారు పోయి ఏడాది దాటింది. మొన్న సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు అటక మీదున్న ఆయన ట్రంకుపెట్టె దింపాం. సగం చెదలపాలు, మిగతా సగం పుస్తకాలు. మాస్కోలో అచ్చయిన తెలుగు పిల్లల పుస్తకాలు, మార్క్స్, ఎంగెల్స్ రాసిన కమ్యూనిస్టు ప్రణాళిక (అట్ట ఊడిపోయింది), ఏవో మహాసభల తీర్మానాలు. మా పాపకి 13 ఏళ్ళు, ఎనిమిదో తరగతి. ఇంగ్లీష్ మీడియమే అయినా తెలుగు గడగడా చదువుతుంది, అంతా వాళ్ళ అమ్మమ్మ చలవ. బొమ్మల పుస్తకాలన్నీ రెండు రోజుల్లో అవగొట్టేసి ప్రణాళిక పట్టుకుంది. నాలుగు పేజీలు చదివి వంటింట్లోకొచ్చి "అమ్మా, బూర్జువా అంటే ఎవరు?" అంది. డబ్బున్నవాళ్ళు అన్నాను. "అంటే మనమేనా?" అంది. నేను పప్పు తాలింపులో మునిగిపోయినట్టు నటించాను.

మా ఆయనేమో టెన్త్ అయ్యాక చూద్దాంలే, ఇప్పుడివన్నీ ఎక్కిస్తే స్కూల్లో ఎవరితోనో గొడవ పెట్టుకొస్తుంది అంటున్నాడు. నాకు దాచాలని లేదు. అలాగని మా నాన్న నాకు చేసినట్టు కంచం ముందు కూర్చోబెట్టి క్లాసు పీకాలనీ లేదు. ఈ వయసు పిల్లలకి వామపక్షం, సోషలిజం, కమ్యూనిజం లాంటివి ఎక్కణ్ణించి మొదలుపెట్టి చెప్పాలి? పుస్తకాలేమైనా ఉంటే చెప్పండి. పార్టీల గొడవ మాత్రం వద్దు.

తాటిముంజ
"పార్టీల గొడవ వద్దు" అన్నారుగా. ఇక చూసుకోండి.

డల్లాస్_బావ
మీ ఆయన మాటే కరెక్టండీ. 13 ఏళ్ళ పిల్లకి వర్గపోరాటం ఏంటి? మా పెదనాన్న కొడుకు ఇంటర్‌లో ఇలాగే విద్యార్థి సంఘం అని తిరిగి రెండేళ్ళు పోగొట్టుకున్నాడు, ఇవాళ వాణ్ణి పలకరించే కామ్రేడ్ ఒక్కడు లేడు. ముందు కష్టపడి సంపాదించడం నేర్పండి, పంచడం సంగతి తర్వాత చూసుకోవచ్చు.

లెక్కలసారు
ప్రణాళికతో మొదలుపెట్టొద్దు. అది 1848లో యూరప్ అంతా ఉడికిపోతున్నప్పుడు కార్మికుల కోసం రాసింది. ఆ గొడవలు తెలియకపోతే పెద్దవాళ్ళకే సగం అర్థం కాదు. ముందు మాటల పుట్టుక చెప్పండి, పిల్లలకి అది భలే నచ్చుతుంది. వామపక్షం అంటే ఎడమవైపు. ఎందుకు ఎడమ? 1789లో ఫ్రాన్స్ సభలో రాజుగారి అధికారం తగ్గించాలన్నవాళ్ళు అధ్యక్షుడికి ఎడమవైపు కూర్చున్నారు, రాజు పక్షం వాళ్ళు కుడివైపు. ఎవరు ఎక్కడ కూర్చున్నారన్న దాన్నిబట్టి వచ్చిన పేరు, 200 ఏళ్ళు దాటినా వదల్లేదు.

తాటిముంజ
మా క్లాసులో ఎడమవైపు ఆడపిల్లలు కూర్చునేవారు సార్. మేమంతా వామపక్షమే.

ఉప్పుచేప
అసలు రోగం వేరే ఉంది. మన దగ్గర ఈ పుస్తకాలు రాసే తెలుగు! నేను ఇంటర్‌లో ఉండగా మా వీధిలో ఒకాయన స్టడీ సర్కిల్ నడిపేవాడు. సాయంత్రం మిరపకాయ బజ్జీలు పెడతారని వెళ్ళేవాణ్ణి. గతితార్కిక భౌతికవాదం, పరిమాణాత్మక మార్పు గుణాత్మక మార్పుగా పరిణమించుట, అభావం అభావం చెందుట. అన్నీ అప్పజెప్పేవాణ్ణి. ఇంట్లో మా తాతయ్య సంధ్యావందనం నేర్పేవాడు, అదీ అప్పజెప్పేవాణ్ణి. రెండిట్లో దేని అర్థమూ నాకు తెలియదు. తేడా ఏంటంటే ఒకచోట బజ్జీ, ఇంకోచోట ప్రసాదం.

కూలివాడి కోసం రాశామంటారు, కూలివాడి నోట్లో తిరగని మాట ఒక్కటైనా వదలరు. ఈ పాప నాలుగు పేజీలు చదివిందంటే నేను దండం పెడతాను.

గోదారిగట్టు
@ఉప్పుచేప అదే జరిగింది. నాలుగో పేజీ తర్వాత మూసేసి "ఇది తెలుగేనా" అంది. మా నాన్న దగ్గర పెరిగిన నాకు ఆ తెలుగు అలవాటు, అది కష్టమని నాకెప్పుడూ తట్టనే లేదు.

రేగడిమట్టి
మాది జనగామ దిక్కు. మా నాయనమ్మకి అక్షరం ముక్క రాదు, కానీ వెట్టి గురించి ఆమె చెప్పినట్టు ఏ పుస్తకమూ చెప్పలేదు. దొర ఇంట్ల పెండ్లయితే కుమ్మరోళ్ళు కుండలు ఊరికే ఇయ్యాలె, చాకలోళ్ళు బట్టలు ఊరికే ఉతకాలె, మాదిగోళ్ళు చెప్పులు ఊరికే కుట్టాలె. పైసా ఉండదు. గడీ ముందు నుంచి పోతే చెప్పులు చేతిలో పట్టుకొని నడవాలె.

నేను మా పిల్లలకి కడవెండి తీసుకుపోయి చూపించిన. 1946 జూలై 4న ఊరేగింపు మీద విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు కాల్పులు జరిపితే దొడ్డి కొమురయ్య చనిపోయింది అక్కడే. తర్వాత పాలకుర్తి ఐలమ్మ కథ చెప్పిన. కౌలుకి చేసుకున్న చేను, పంట కోతకొచ్చింది, దొర మనుషులు వచ్చి కోసుకుపోతమంటే ఆమె కదలలేదు. సంఘపోళ్ళు వచ్చి కోసి ధాన్యం ఆమె ఇంటికి చేర్చిన్రు. మా చిన్నోడు అడిగిందొక్కటే: "ఆమె పండించింది ఆమె కోసుకుంటే లొల్లేంది?" అంతే, ఇగ నేనేం చెప్పాలె? ఆ ఒక్క ప్రశ్న పట్టుకొని కౌలు అంటే ఏంది, భూమి ఎవరిది, కోర్టులో ఎవరు గెలుస్తరు అని రాత్రి పది దాకా మాట్లాడుకున్నం. సిద్ధాంతం పేరు ఒక్కసారి కూడా రాలేదు.

బంతిపూలు
@రేగడిమట్టి గారూ, చాలా బాగా చెప్పారు. ఆ తెలంగాణ సాయుధ పోరాటం గురించే స్త్రీ శక్తి సంఘటన వాళ్ళు సేకరించిన ఆడవాళ్ళ జ్ఞాపకాలు "మనకు తెలియని మన చరిత్ర" అని పుస్తకంగా వచ్చాయి. 15 దాటిన పిల్లలకి ఇవ్వచ్చు. అందులో ధైర్యమే కాదు, అలకలూ ఉన్నాయి. పోరాటం ఆగిపోయాక మగవాళ్ళు రాజకీయాల్లోకి, ఆడవాళ్ళు మళ్ళీ వంటింట్లోకి. ఆ బాధ దాచకుండా చెప్పారు. ఆడపిల్లలున్న ఇంట్లో ఇది చదివించకుండా సమానత్వం గురించి ఉపన్యాసం ఇస్తే పిల్లలే నవ్వుతారు.

చుక్కలరాత్రి
+1. సమసమాజం గురించి గంటన్నర మాట్లాడి "అమ్మాయ్, టీ" అని కేకేసిన మావయ్యలు మా ఇంట్లోనే ముగ్గురు.

డల్లాస్_బావ
అన్నీ బాగానే ఉన్నాయి, అవతలి పక్క కూడా చెప్పాలి కదా. ముందు రష్యా విప్లవం దారి తప్పడం మీద ఆర్వెల్ వ్యంగ్యంగా రాసిన యానిమల్ ఫార్మ్ చదివించండి, సరదా తీరిపోతుంది.

లెక్కలసారు
చదివించాల్సిందే. పనిలో పనిగా ఆ ఆర్వెల్ స్వయంగా సోషలిస్టనీ, స్పెయిన్ వెళ్ళి ఫ్రాంకో సైన్యం మీద యుద్ధం చేసి 1937లో గొంతులో తుపాకీ గుండు తిన్నాడనీ కూడా చెప్పండి. అది వామపక్షం మీద బయటివాడు వేసిన రాయి కాదు, ఇంట్లోవాడు పెట్టిన కేక.

డల్లాస్_బావ
ఇది నాకు తెలీదు సార్. ఒప్పుకుంటున్నా.

తాటిముంజ
ఈ ఫోరంలో "ఒప్పుకుంటున్నా" అన్న మాట మొదటిసారి చూశాను. స్క్రీన్‌షాట్ తీసిపెట్టుకున్నా.

విశ్రాంత_గుమాస్తా
నాకిప్పుడు 68. మీ నాన్నగారి పెట్టె గురించి చదివి కాసేపు కళ్ళద్దాలు తీసి తుడుచుకోవాల్సొచ్చింది. విశాలాంధ్ర వాళ్ళ పుస్తకాల వ్యాన్ మా ఊరి సెంటర్లో ఆగితే నేనూ మా తమ్ముడూ అప్పటిదాకా దాచుకున్న చిల్లరంతా పట్టుకుని పరిగెత్తేవాళ్ళం. దిట్టమైన అట్ట, నిగనిగలాడే కాగితం, రంగుల బొమ్మలు, ధర మాత్రం సినిమా టికెట్ కంటే తక్కువ. ప్రగతి, రాదుగ ప్రచురణాలయాలు అచ్చేసినవి. ఉప్పల లక్ష్మణరావు గారి లాంటి మనవాళ్ళు మాస్కోలోనే ఉండి తెలుగు చేసేవారు.

ఒక సంగతి చెప్పాలి. ఆ పిల్లల పుస్తకాల్లో విప్లవం పెద్దగా లేదు. క్యాబేజీ సూపుంది, మంచుంది, ఎలుగుబంటుంది, పొయ్యి మీద పడుకునే తాత ఉన్నాడు. కానీ కథల్లో ఇంజను డ్రైవరూ కమ్మరీ పెద్దమనుషులుగా కనిపించేవారు. మా నాన్న గుమాస్తా, నేనూ గుమాస్తానే. మా సినిమాల్లో అప్పట్లో హీరో జమీందారు కొడుకు. తేడా నాకు ఆ వయసులో తెలియకుండానే ఎక్కింది.

ఇక రెండో సంగతి. 1991లో సోవియట్ యూనియన్ పోయినప్పుడు నేను నిజంగా ఏడ్చాను. తర్వాత మెల్లగా చదివాను. 1932-33లో ఉక్రెయిన్‌లో లక్షల మంది ఆకలితో చచ్చిపోయారని, 1930ల్లో సొంత పార్టీవాళ్ళనే కాల్చి చంపారని. 1956లో క్రుశ్చేవ్ స్టాలిన్ తప్పులు బయటపెట్టాడు, నేను పుస్తకాలు చదివింది 70ల్లో. మధ్యలో ఇన్నేళ్ళున్నా నేను చదివిన అలమరలో ఆ ముక్క లేదు. జరిగినదాని కంటే నాకు చెప్పలేదన్నదే ఎక్కువ గుచ్చుకుంది. కాబట్టి పాపకి ఆ పుస్తకాలిస్తే ఇదీ చెప్పండమ్మా. ఇరవై ఏళ్ళకి వేరేచోట తెలిస్తే మీ మీద కోపం వస్తుంది.

లెక్కలసారు
@విశ్రాంత_గుమాస్తా గారు చెప్పింది నిజమే. అయితే 1943 బెంగాల్ కరువు కూడా చెప్పాలి కదా, అదీ లక్షల్లోనే, అప్పుడు దేశాన్ని ఏలింది కమ్యూనిస్టులు కాదు.

చుక్కలరాత్రి
సార్, మీరంటే గౌరవమే కానీ ఇది మాత్రం ఒప్పుకోను. పిల్ల ఒక కరువు గురించి అడిగితే ఇంకో కరువు చూపించడం జవాబు కాదు. మా నాన్న ఇంతే. చైనా సాంస్కృతిక విప్లవంలో టీచర్లని కొట్టారట కదా అంటే అమెరికా వియత్నాంలో ఏం చేసిందో తెలుసా అనేవాడు. నేను 14 ఏళ్ళకే ఆయన్ని అడగడం మానేశాను.

లెక్కలసారు
సరే. తగిలింది. బెంగాల్ వేరే రోజు చెప్తాను.

నిర్వాహకుడు
ఇప్పుడున్న పార్టీల మీద, ముఖ్యమంత్రుల మీద రాసిన నాలుగు కామెంట్లు తీసేశాను. వాటికి వేరే గది ఉంది, తలుపు తీసే ఉంది.

నల్లబల్ల
గుంటూరు వైపు ఒక మండల కేంద్రంలో సోషల్ టీచర్ని. ఆదివారాలు లైబ్రరీలో పది పన్నెండు మంది పిల్లలతో పుస్తకాలు చదివిస్తుంటాను. నాకు జరిగిన అవమానం ఒకటి చెప్తాను, ఎవరికైనా పనికిరావచ్చు.

ఒక ఆదివారం అదనపు విలువ గురించి చెప్దామని బోర్డు మీద నైటీ బొమ్మ గీశాను. గుడ్డకి ఇంత, దారం లేసు ఇంత, మిషను అరుగుదల కరెంటు ఇంత, కుట్టుకూలి ఇంత. అన్నీ కూడితే 150 రూపాయలు. అమ్మింది 250కి. మరి ఆ 100 ఎక్కణ్ణించి వచ్చింది? గుడ్డ దానంతటది పిల్లల్ని పెట్టదు కదా, మిషనూ పెట్టదు, కుట్టినమ్మ పనిలోంచే వచ్చింది, కానీ ఆమెకి అందలేదు, మిషను ఎవరిదో వాడికి అందింది. ఇలా చెప్పి నాకు నేనే మెచ్చుకుంటూ చాక్‌పీసు కింద పెట్టాను.

వెనక కూర్చున్న ఏడో తరగతి పిల్ల లేచింది. "సార్ లెక్క తప్పు. మా అమ్మ నైటీలు కుడుతుంది. మిషను మా అమ్మదే. దారం అమ్మే కొంటుంది. కరెంటు బిల్లు మేమే కడతాం. షాపాయన గుడ్డ కట్ చేసి మూటగట్టి పంపిస్తాడంతే. నైటీకి 14 రూపాయలు. కుట్టు వంకర పోతే ఆ నైటీ అమ్మకే అంటగట్టి డబ్బులు కట్ చేస్తాడు."

నా లెక్కంతా మిషను ఎవరిదో వాడే యజమాని అన్న మాట మీద నిలబడింది. ఇక్కడ మిషను కూలామెదే. నాకు నోట మాట రాలేదు. అప్పుడు పిల్లలే మొదలుపెట్టారు. "మిషనుంటే చాలదు, షాపు ఉండాలి." "షాపు అద్దెకి దొరుకుతుంది, తాన్లు తాన్లు గుడ్డ కొనే డబ్బుండాలి." "డబ్బున్నా గిరాకీ ఎవరికి తెలుసు?" ఇంతలో ఫ్యాన్సీ షాపు వాళ్ళబ్బాయి లేచి, అమ్ముడుపోకపోతే మా నాన్నకే కదా నష్టం, పండక్కి తెచ్చిన సరుకు ఇంకా మూటల్లోనే ఉంది అన్నాడు. నైటీల పిల్ల అతని వైపు తిరిగి "మా అమ్మకి మీ షాపులో సరుకు అమ్ముడుపోకపోతే పనే ఉండదు, నష్టం మాకూ ఉంది" అంది. ఒక అరగంట నేను నోరెత్తలేదు. ఉత్పత్తి సాధనాలు అన్న మాట నేను ఆరోజు వాడలేదు. వాళ్ళకి అవసరం పడలేదు.

ఉప్పుచేప
మాస్టారూ, ఇది అవమానం కాదు, ఆస్తి. ఆ పిల్ల కాళ్ళకి దండం.

లెక్కలసారు
ఆ పిల్ల అడిగినదానికి దగ్గర్లో మార్క్స్ వెళ్ళాడు. 1867లో వచ్చిన కాపిటల్ మొదటి సంపుటంలో పీస్ రేటు కూలి మీద ఒక అధ్యాయమే ఉంది. పనివాడే తనని తాను తరుముకుంటాడు కాబట్టి పక్కన మేస్త్రీ అక్కర్లేదని, ఇళ్ళల్లో చేయించుకునే పనికి ఇదే దారి అని రాశాడు. ఇంకో మాట, ఆ 100లో షాపు అద్దె, రవాణా, అప్పు వడ్డీ ఉంటాయి, అంతా ఒక్కడి జేబులోకి పోదు. లెక్క చెప్తే పూర్తిగా చెప్పాలి.

డల్లాస్_బావ
థాంక్యూ సార్. అద్దె గురించి ఒక్కరైనా అన్నారు. షాపాయన రిస్క్ కూడా లెక్కలో వేయండి.

నల్లబల్ల
వేశామండీ, తర్వాతి ఆదివారం. రిస్క్ పక్కన కుట్టు వంకరపోయిన నైటీ కూడా వేశాం.

రేగడిమట్టి
ఫుడ్ డెలివరీ పిల్లలదీ ఇదే కథ. బండి వాళ్ళది, పెట్రోలు వాళ్ళది, ఫోను వాళ్ళది. యాప్ ఒక్కటే కంపెనీది. మా పెద్దోడు బిర్యానీ తెచ్చిన అన్నని గేటు దగ్గర నిలబెట్టి లెక్కలడిగిండు. ఆయన పాపం ఇంకో ఆర్డర్ లేటయితదని ఉరికిండు.

ఇంటర్_బాధితుడు
17 ఏళ్ళు, సెకండియర్ ఎంపీసీ, హాస్టల్. ఇంట్లో ఉన్నాను కాబట్టి రాస్తున్నా. మీరందరూ మా గురించి మాట్లాడుతున్నారు కానీ మమ్మల్ని అడగట్లేదు.

నేను ఇవన్నీ రీల్స్‌లో చూశాను. మార్క్స్ మీద మీమ్స్ ముందు, మార్క్స్ తర్వాత. మేడే గురించి చదివినప్పుడు మాత్రం ఆగిపోయాను. 8 గంటలు పని, 8 గంటలు విశ్రాంతి, 8 గంటలు మన ఇష్టం. 1886 మే 1న చికాగోలో దీనికోసం సమ్మె చేశారట, తర్వాత బాంబు పడింది, కార్మిక నాయకుల్ని ఉరితీశారు. మా కాలేజీలో ఉదయం ఐదున్నరకి లేపి ఆరుకి స్టడీ అవర్, రాత్రి పదిన్నరకి వదులుతారు. మధ్యలో తిండికి, స్నానానికి కలిపి రెండు గంటలు. ఆదివారం టెస్ట్. నేను లెక్కేస్తే రోజుకి 14 గంటల పైనే వచ్చింది. 140 ఏళ్ళ కింద చికాగో కార్మికుడు అడిగింది నాకింకా రాలేదు. పైగా మా నాన్న దీనికి ఫీజు కడుతున్నాడు. మాకు వామపక్షం పరిచయం చెయ్యాలంటే పుస్తకం అక్కర్లేదు, మా టైమ్‌టేబుల్ గోడకి అంటించండి చాలు.

తాటిముంజ
ఇంక నేను జోకు వెయ్యలేను. తమ్ముడూ, పడుకో కాసేపు.

బంతిపూలు
@ఇంటర్_బాధితుడు నువ్వు రాసింది ప్రింట్ తీసి మా స్టాఫ్ రూములో పెడుతున్నాను, పేరు లేకుండా.

డల్లాస్_బావ
తమ్ముడూ, నేను నీలాంటి హాస్టల్లోనే చదివాను. అప్పుడు గర్వంగా ఉండేది. ఇప్పుడు నువ్వు 14 గంటలు అని రాస్తే ఏదోలా ఉంది. సరే, ఒక విచిత్రం చెప్తాను. ఆ చికాగో ఉన్న దేశంలోనే మే 1 సెలవు కాదు. ఇక్కడ లేబర్ డే సెప్టెంబర్ మొదటి సోమవారం. మా అబ్బాయి స్కూల్లో మేడే పేరు కూడా ఎత్తరు.

లెక్కలసారు
మన దేశంలో మొట్టమొదటి మేడే 1923లో మద్రాసులో కార్మిక నాయకుడు సింగారవేలు చేశారు. అప్పటికి మనవాళ్ళలో సగం మంది ఆ మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నారు, అది మన చరిత్ర కూడా.

చుక్కలరాత్రి
ఇంతమంది మాట్లాడారు, కులం ఒక్కరికీ గుర్తురాలేదు. రేగడిమట్టి గారి వెట్టి కథలో తప్ప. మన ఎర్ర పుస్తకాల్లో "శ్రామికుడు" ఉంటాడు, వాడికి కులం ఉండదు. మా స్కూల్లో బాత్రూములు కడిగేది ఎవరో, మధ్యాహ్న భోజనం ఎవరు వండితే కొందరు తినరో పిల్లలకి తెలుసు. అంబేద్కర్ 1936లోనే అడిగాడు ఈ మాట. పని విభజన మాత్రమే కాదు, పనివాళ్ళ విభజన కూడా అని. సోషలిస్టులకే చెప్పాడు, కులం దాటకుండా మీ విప్లవం ముందుకు పోదని.

చిన్నపిల్లలకైతే కంచ ఐలయ్య 2007లో ఇంగ్లీషులో రాసిన పిల్లల పుస్తకం ఉంది. చాకలి, కుమ్మరి, మంగలి, చర్మకారుడు, రైతు, వీళ్ళ పనిలో ఎంత తెలివుందో, ఎంత శాస్త్రం ఉందో చెప్తుంది. దుర్గాబాయి వ్యామ్ వేసిన గోండు బొమ్మలు. ఇంగ్లీష్ మీడియం అన్నారు కదా, మీ పాప హాయిగా చదువుతుంది.

రేగడిమట్టి
నిజమే అక్కా. మా నాయనమ్మ కథల్ల ఎవరు ఏం ఊరికే ఇయ్యాలెనో కులం పేరుతోనే చెప్పింది. నేనే ఇక్కడ రాసేటప్పుడు గమనించలేదు.

లెక్కలసారు
కులం సంగతి కమ్యూనిస్టు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య గారికి తెలియక కాదు. అసలు పేరు సుందరరామిరెడ్డి, తోక తనే కోసేసుకున్నారు.

చుక్కలరాత్రి
పేరులో తోక కోసుకోవడం పైన ఉన్నవాళ్ళకి సులువు సార్. గొప్పే, కాదనను. కింద ఉన్నవాడు పేరు మార్చుకున్నా ఊరు మర్చిపోదు.

విశ్రాంత_గుమాస్తా
ఆ అమ్మాయి మాట నిజం. అయినా మా పిల్లలకి సుందరయ్య గారి సైకిలు కథే ఎక్కువ నచ్చింది, పార్లమెంటుకి సైకిలు మీద వెళ్ళేవారని. మనవడు "మరి ఇప్పటి ఎంపీలు?" అన్నాడు. నిర్వాహకుడు చూస్తున్నాడు, ఇక్కడితో ఆపుతాను.

ఉప్పుచేప
నాదొక పందెం. "ఉత్పత్తి శక్తులకూ ఉత్పత్తి సంబంధాలకూ మధ్య వైరుధ్యం తీవ్రతరమగుట". దీన్ని మా అమ్మకి అర్థమయ్యేలా ఎవరైనా చెప్పండి. గెలిస్తే బజ్జీలు.

తాటిముంజ
పనిముట్లు కొత్తవొచ్చాయి, పెత్తనం పాతదే ఉండిపోయింది, అందుకే ఇంట్లో గొడవ.

ఉప్పుచేప
ఓరి నీ! ఇరవై ఏళ్ళుగా ఎదురుచూస్తున్నాను. అడ్రస్ పెట్టు.

బంతిపూలు
రంగనాయకమ్మ గారి "పిల్లల కోసం ఆర్థిక శాస్త్రం" ఎవరూ అనలేదేంటి? కాపిటల్‌నే పాఠాలుగా విడగొట్టి, మామూలు మాటల్లో రాశారు. భాష గురించి ఏడ్చేవాళ్ళు ముందు అది చూడండి.

నల్లబల్ల
నా నైటీ లెక్కకి ధైర్యం ఇచ్చింది అదే. కాకపోతే లావు పుస్తకం, పేరులో పిల్లలున్నా మా ఇంట్లో చదివింది నేనూ మా ఆవిడే. 13 ఏళ్ళ పిల్లకి ఒక్కో పాఠం పక్కన కూర్చుని చదవాలి. అలా వదిలేస్తే రెండో వారానికి తలుపుకి అడ్డం పెడుతుంది. ఇంకా చిన్న పిల్లలకైతే మంచి పుస్తకం వాళ్ళు పాత రష్యన్ బొమ్మల పుస్తకాలు కొన్ని మళ్ళీ వేశారు, జనవిజ్ఞాన వేదిక వాళ్ళ చెకుముకి పత్రిక ఉంది. చెకుముకిలో రాజకీయం ఉండదు, సైన్సు ఉంటుంది, కానీ "ఎందుకు" అని అడగడం అలవాటవుతుంది.

డల్లాస్_బావ
మా అబ్బాయికి తెలుగు చదవడం రాదు. వాడికేం చేయను? (సీరియస్‌గానే అడుగుతున్నా.)

రేగడిమట్టి
బావా, పోచంపల్లి చీర చూపించు ఇంట్ల ఉంటే. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇచ్చింది ఆ ఊర్లనే, భూదానం అక్కడే మొదలైంది. "ఎందుకిచ్చిండు?" అని వాడే అడుగుతడు. చుట్టుపక్కల ఊళ్ళల్ల అప్పటికి ఐదేండ్ల సంది ఏం నడుస్తుందో చెప్పకుంటే దానికి జవాబు రాదు. ఇంగ్లీషుల చెప్పినా నడుస్తది.

డల్లాస్_బావ
మా అత్తగారిచ్చిన చీర ఉంది. ట్రై చేస్తా.

గోదారిగట్టు
వారం తర్వాత వస్తున్నాను. అన్నీ చదివాను, పాపకి కూడా సగం చదివి వినిపించాను. నైటీల పిల్లని కలవాలంటోంది. హాస్టల్ అబ్బాయి టైమ్‌టేబుల్ విని "నేను ఎంపీసీ తీసుకోను" అంది. దాంతో ఇంట్లో ఒక రభస.

నల్లబల్ల గారి పద్ధతి పట్టుకుని మా ఇంటి లెక్కే వేద్దామన్నాను. నెలకి ఏం వస్తుంది, ఎవరికి ఏం ఇస్తున్నాం. పాలాయన, పేపరబ్బాయి, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ వాటా అన్నీ రాసింది. మా ఇంట్లో పనిచేసే ఆవిడ దగ్గర ఆగింది. రోజూ వస్తుంది, గంటన్నర పని. నెలకి ఇచ్చేది రాసి, గంటలతో భాగించింది. ఆ అంకె చూసి నా వైపు చూసింది. నేను అందరూ ఇంతే ఇస్తారమ్మా అన్నాను. "నేను అందర్ని అడగలేదు" అంది. తర్వాత "ఆంటీకి ఆదివారం సెలవెందుకు లేదు?" అంది. నాకుంది, వాళ్ళ నాన్నకుంది, తనకుంది. మళ్ళీ పప్పు తాలింపు వైపు తిరిగాను కానీ ఈసారి పొయ్యి మీద ఏం లేదు.

ఈ నెల నుంచి ఆవిడకి ఆదివారాలు సెలవు. జీతం పెంచే సంగతి మా ఆయనా నేనూ ఇంకా మాట్లాడుకుంటున్నాం, అంటే గొడవపడుతున్నాం. పక్క ఫ్లాట్ ఆవిడ నన్ను లిఫ్ట్‌లో పలకరించడం మానేసింది, ఇప్పుడు వాళ్ళ పనావిడ కూడా ఆదివారం అడుగుతోందట.

విశ్రాంత_గుమాస్తా
మీ నాన్నగారు ఉంటే బాగుండేదమ్మా.

చుక్కలరాత్రి
ఆదివారం అంట్లు ఎవరు తోముతున్నారు? అది చెప్పకుండా తప్పించుకోకండి.

గోదారిగట్టు
వంతులు వేసింది మా పాప. ఫ్రిజ్ మీద చీటీ అంటించింది. మొదటి ఆదివారం వాళ్ళ నాన్న. కుక్కర్ అడుగు మాడిందని నానబెట్టి వదిలేశాడు, సోమవారం దాకా అలాగే ఉంది.

తాటిముంజ
నానబెట్టడం కాదండీ అది, సహాయ నిరాకరణ.